తెల్లారినా మునగని దీవి

మా ఇంట్లో తెల్లవారకముందే లేచేది ఇద్దరం. నేను దీపం పెట్టడానికి, మా ఆయన రేడియో పెట్టడానికి. నేను దేవుడి గదిలో కళ్ళు మూసుకుని పిలుస్తాను. ఆయన పక్కగదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పిలుస్తారు. ఆయన పిలిస్తే అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పలుకుతారు. "ఈ విషయంలో నాకంటే మీరే నయం" అని ఒకరోజు అంటే, ఆయన నవ్వకుండా, "నువ్వు పిలిచే స్టేషన్ పెద్దది కదా, అక్కడ రద్దీ ఎక్కువ" అన్నారు. ఆ మాటకి కోప్పడాలో ఊరట పడాలో నాకు తెలియలేదు. దేవుడికి మాత్రం ఆయన తరఫున ఒక క్షమాపణ చెప్పి ఊరుకున్నాను.

మా ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం. పగలంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసి, పొద్దునా సాయంత్రమూ తన చెవులకు పని చెబుతారు. హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, ఇంట్లో కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో సరదాగా మాట్లాడుకోవడం. మాట్లాడుకోవడం అన్నాను గానీ మాటలు ఉండవు. చిన్న మీట ఒకటి టిక్కుటిక్కుమని నొక్కుతూ మోర్స్‌లో అక్షరాలు పంపుతారు. అందులోనూ మా ఆయన పట్టుకున్నది రేడియో అలల దారుల్లో అన్నిటికంటే అడుగున ఉండే బ్యాండ్, నూటఅరవై మీటర్లది. "దీనికి ఏరియల్ తీగ బారెడు కాదు, వీధెడు కావాలి. ఓపిక ఊరెడు కావాలి" అంటారు. పగటిపూట ఆ బ్యాండ్ పక్క ఊరు కూడా దాటదు. పొద్దు గూకాక దానికి కాళ్ళొస్తాయి. తెల్లవారే ముందు, చీకటీ వెలుగూ కలిసే కాసేపు మాత్రం, భూమి అవతలి అంచున ఉన్నవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడి పిలిచినట్టు వినిపిస్తారు. సూర్యుడు కాస్త పైకి రాగానే నీళ్ళలో వేసిన రాయిలా మునిగిపోతారు. ఈ సంగతి ఆయన నాకు వందసార్లు చెప్పారు. మా తమ్ముడికి వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. వాడి బుర్రకి ఒక్కసారైనా ఎక్కి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

మా తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. రెండు వీధుల అవతల ఉంటాడు. వాడికి ఈ రేడియో పిచ్చి అంటించింది వాళ్ళ బావే. కాకపోతే బావది తపస్సు, వీడిది తిరునాళ్ళ. ఎవరి గొంతయినా ఇట్టే పట్టేస్తాడు, ఎవరి నడకయినా నడిచి చూపిస్తాడు. చిన్నప్పుడు మా నాన్న దగ్గు దగ్గి, మమ్మల్ని పుస్తకాల ముందు కూర్చోబెట్టి, తను ఆడుకోవడానికి పోయేవాడు.

ఇక దీవి సంగతి. నడిసముద్రంలో మనుషులెవరూ ఉండని ఒక దీవి ఉందట. పక్షులు, రాళ్ళు, గాలి, అంతే. మూడేళ్ళ క్రితం కొందరు హామ్‌లు పడవ కట్టించుకుని అక్కడికి వెళ్ళి, కొన్నాళ్ళు గుడారం వేసి, ప్రపంచమంతటినీ పలకరించి వచ్చారు. మా ఆయన రోజూ పిలిచారు. వాళ్ళకి ఈయన వినపడలేదు. మళ్ళీ ఈ ఏడు వెళ్ళారు. పై బ్యాండ్‌ల మీద మా తమ్ముడితో సహా మా ఊరి హామ్ క్లబ్బులో అందరికీ దొరికారు. అడుగు బ్యాండ్ మీద మాత్రం ఎవరికీ దొరకలేదు. ఆదివారం వాళ్ళు గుడారం ఎత్తేస్తారు.

ఇక్కడ మాకూ ఆదివారమే గడువు. ఆయన తీగ మా మేడ మీద పైపు నుంచి మొదలై, పక్కింటి పెద్దమేడమ్ గారి నీళ్ళ ట్యాంకు మీదుగా, వాళ్ళ పెరటి గోడదాకా పోతుంది. పెద్దమేడమ్ అంటే బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన ఆవిడ. ఇన్నేళ్ళూ ఆవిడ కిమ్మనలేదు. ఇప్పుడు పై అంతస్తు వేయిస్తున్నారు, సోమవారం మేస్త్రీలు దిగుతారు. "ఆదివారానికల్లా నీ తీగ తీసెయ్ నాయనా" అన్నారు. అంత తీగ మళ్ళీ కట్టుకునే చోటు మాకు ఇంకెక్కడా లేదు. అంటే ఆ వారంలో దొరికితే దీవి, లేకపోతే ఈ జన్మకి లేదు. ఆయన ఆ మాట పైకి అనలేదు. అన్నంలో ఉప్పు లేకపోయినా తినేసి లేచారంటే నేనే అర్థం చేసుకున్నాను.

సోమవారం పొద్దున నేను పూజ ముగించి కాఫీ కలుపుతున్నాను. వంటింటి గట్టు మీద ఎండ పడింది. పక్కగదిలోంచి ఒక్క కేక.

"దొరికాడే! దీవి దొరికాడు!"

వెళ్ళి చూద్దును కదా, ఆయన కుర్చీలోంచి లేచి గంతులు వేస్తున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన గొంతు నడవా దాటి వినపడడం అదే మొదటిసారి. నన్ను పట్టుకుని ఒక చుట్టు తిప్పారు. కాఫీ ఒలికింది. కిటికీ తెరిచి పెద్దమేడమ్‌ని పిలిచి చెప్పారు. పాలవాడికి చెప్పారు. నాకు సంతోషమూ కలిగింది, లోపల ఏదో చిన్న సందేహమూ కలిగింది. ఇంత గోల చేసే మనిషి కాదే అని. దేవుడు దయ చూపిస్తే సందేహించడం తప్పని లెంపలేసుకున్నాను.

మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చాడు. బావ దుకాణంలో ఉన్నాడని తెలిసే వచ్చాడు.

"అక్కా, బావ ఎలా ఉన్నాడు?"

"నేల మీద లేరు. మీ బావకి దీవి దొరికిందిరా!"

వాడు కండువా నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు.

"ఆ దీవి మా మేడ మీద ఉందక్కా."

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. చిన్న రేడియో ఒకటి పెట్టి, మూరెడు తీగ కట్టి, దీవి వాళ్ళ పేరు పెట్టుకుని, వీడే పలికాడట. దూరం నుంచి వస్తున్నట్టు ఉండాలని శబ్దం గుండీని ఒక చేత్తో తిప్పి పెంచుతూ తగ్గిస్తూ, ఎడమచేత్తో మోర్స్ కొట్టాడట. కుడిచెయ్యయితే వీడు కొట్టే తీరు బావ పట్టేస్తాడని.

"ఒరేయ్, వేరేవాళ్ళ పేరు పెట్టుకుని పలికితే లైసెన్సు పోతుందని మీ బావ అంటారు కదరా!"

"మీ వీధి కూడా దాటదక్కా. మా ఇంటి పిచ్చుకలకే సరిగ్గా వినపడదు. అయినా నేనెందుకు చేశాననుకున్నావ్? మూడేళ్ళుగా ఆ మనిషి పడే అవస్థ చూడలేక. సగం జాలి, సగం సరదా."

"ఏ సగం ముందు పుట్టింది?"

వాడు కాస్త ఆలోచించి, "సరదానే" అన్నాడు. అబద్ధాలకోరు గానీ నా దగ్గర మాత్రం నిజమే చెబుతాడు.

"సాయంత్రం బావకి చెప్పెయ్."

"చెప్తాలే. ఒక్కరోజు ఆనందపడనీ."

సాయంత్రం తమ్ముడు మళ్ళీ వచ్చాడు గానీ చెప్పే అవకాశం రానేలేదు. మా ఆయన ఇంట్లోకి వస్తూనే రెండు పిడుగులు వేశారు. మొదటిది, "దీవి దొరికిందిగా, ఇంకా ఆ తీగెందుకు? రేపో ఎల్లుండో దించేస్తాను. పెద్దమేడమ్‌కి ఇచ్చిన మాట కూడా దక్కుతుంది." రెండోది, "దీవి అతనూ నేనూ మంచి స్నేహితులమైపోయాం. రోజూ పొద్దున పలకరించుకుందామన్నాను. సరేనన్నాడు."

మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. సరేనన్నది వాడే కదా, నోరెత్తడానికి లేదు.

నాకు అసలు భయం మొదటి పిడుగుతోనే. నిజమైన దీవి ఇంకా అక్కడే ఉంది, నిజమైన మనుషులు ఇంకా పిలుస్తున్నారు. ఆదివారం దాకా ఆశ ఉంది. తీగ దించేస్తే అదీ పోతుంది. మా తమ్ముడి సరదా ఆయన చేతికి దీవి బొమ్మ ఇచ్చి, అసలు దీవిని లాక్కునేలా ఉంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన అద్దం ముందు నిలబడి కూనిరాగం తీస్తూ తల దువ్వుకుంటున్నారు. ఆ ముఖం చూసి మాట మింగాను.

మరుసటి రోజు దీపం ముందు కూర్చుని అడిగాను. స్వామీ, అడగనిది చెప్పకపోవడం అబద్ధం అవుతుందా? నువ్వు కూడా అడగందే ఏమీ చెప్పవు కదా? దీపం నిలకడగా వెలిగింది. ఔననో కాదనో తేల్చుకోలేకపోయాను. ఈలోగా తీగ మాత్రం దిగకూడదని నిశ్చయించుకున్నాను.

ఆయన నిచ్చెన అడిగారు. "పెయింటరు పట్టుకెళ్ళాడు" అన్నాను. అది నిజమే, కాకపోతే పోయిన ఏడాది పట్టుకెళ్ళి పోయిన ఏడాదే తిరిగిచ్చాడు. నిచ్చెన మంచం కింద ఉంది, రెండు మెట్లు బయటకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆయన వాటిని దాటుకుంటూ వెళ్ళి చొక్కా వేసుకుని, "పోనీ పెద్దమేడమ్ గారిని అడుగుదాం" అన్నారు. నేను పెరటి దారిన పరుగెత్తాను.

"మేడమ్, మా ఆయన నిచ్చెన అడుగుతారు. ఇవ్వకండి."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూశారు. "నా చేత అబద్ధం చెప్పిస్తావా?"

"వద్దండీ. ఇవ్వను అనండి, అది నిజమే కదా."

"కారణం అడిగితే?"

"మీరు హెడ్‌మిస్ట్రెస్. మిమ్మల్ని కారణం ఎవరు అడుగుతారు?"

ఆవిడకి ఆ మాట నచ్చింది. నిచ్చెన ఇవ్వలేదు.

ఇటు పొద్దున్నే జరిగే ముచ్చట్లు చెప్పనలవి కాదు. దీవులకి వెళ్ళినవాళ్ళు ఎవరితోనూ కబుర్లు పెట్టుకోరట. పేరూ, వినికిడి ఎలా ఉందో చెప్పే అంకె, అంతే. వాళ్ళకోసం ప్రపంచమంతా కాచుకుని ఉంటుంది మరి. మా ఆయన మాత్రం రోజుకో ప్రశ్న వేసేవారు. అక్కడ గాలి ఎటు వీస్తోంది? నీళ్ళు ఎలా పడుతున్నారు? గుడారం ఏ రంగు? మా తమ్ముడు తెల్లారకముందే లేచి, మేడెక్కి, గుండీ తిప్పుతూ, ఎడమచేత్తో జవాబులు చెప్పాలి. పగలు వాడి కళ్ళు ఉల్లిపాయల్లా ఉబ్బేవి. ఎవరి ఇంట్లోనో ఫ్రిజ్ తలుపు తెరిచి, చల్లగా ఉందని అందులో తల పెట్టి నిద్రపోయాడట.

బుధవారం ఆదరాబాదరాగా వచ్చాడు. "అక్కా, సముద్రపు పక్షుల పేర్లు చెప్పు!"

"కాకి, పిచ్చుక తప్ప నాకేం తెలుసురా."

"రేపు పొద్దున ఏ పక్షులున్నాయో చెప్తానని బావకి మాటిచ్చాను."

మర్నాడు కాఫీ తాగుతూ మా ఆయన గంభీరంగా అన్నారు. "విన్నావా? ఆ దీవిలో కాకులున్నాయట. భూమ్మీద ఉన్న పక్షుల పండితులకి ఎవరికీ తెలియని సంగతి. నాకే మొదట చెప్పాడు, పాపం."

కాఫీ నా ముక్కులోకి పోయింది. ఆయన నా వీపు తట్టారు. అప్పుడైనా ఆయన కళ్ళలోకి చూసి ఉంటే తెలిసేది. నేను తల వంచుకున్నాను, నా దొంగతనం ఎక్కడ బయటపడుతుందో అని.

శుక్రవారం మా ఆయన ఎక్కడినుంచో నిచ్చెన సంపాదించుకొచ్చి గోడకి ఆనించారు. "రేపు పొద్దున దీవికి వీడ్కోలు చెప్పి, కాఫీ తాగి, తీగ దించేస్తా." నేను తిన్నగా తమ్ముడి ఇంటికి వెళ్ళాను.

"ఇక చాలు. రేపు పొద్దున నువ్వొచ్చి చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాలే అక్కా. లేచే ఓపిక నాకూ లేదు. రేపు రేడియో ముట్టుకోను, తిన్నగా మీ ఇంటికే వచ్చి బావ కాళ్ళ మీద పడతా." ఆగి, నేల చూస్తూ, "ఇంకొకటి. క్లబ్బులో కూడా చెప్పాను, సరదాగా" అన్నాడు.

"ఎంతమందికి?"

"ఒక్కడికే. మన పెద్దాయనకి."

క్లబ్బు పెద్దాయనకి చెప్పడమూ, మైకులో చెప్పడమూ ఒకటే. అంటే ఈపాటికి మా ఆయన తప్ప అందరూ నవ్వుకుంటున్నారన్నమాట. "నీకు పెట్టిన అన్నం కుక్కకి పెట్టినా అది రేడియో పట్టుకుని మొరిగేది కాదురా" అని వచ్చేశాను.

శనివారం దీపం పెట్టేసరికి పక్కగదిలో టిక్కుటిక్కు మొదలైంది. మధ్యమధ్య ఆయన తనలో తాను నవ్వుకోవడం వినిపిస్తోంది. అంటే తమ్ముడు మళ్ళీ మాట తప్పాడు. దేవుడి ముందు కూర్చుని తమ్ముణ్ణి తిట్టుకోవడం పద్ధతి కాదని తెలుసు. అయినా తిట్టుకున్నాను. ఇంతలో పెరటి తలుపు మెల్లగా కిర్రుమంది. చూస్తే తమ్ముడు. చెదిరిన జుట్టు, చేతిలో చెప్పులు.

"అక్కా, బావ లేచాడా?"

"నువ్విక్కడుంటే లోపల ఎవడురా?"

"లోపల ఎవడుండడమేంటి?"

"మీ బావ నీతో మాట్లాడుతున్నారు!"

ఇద్దరం చెవులు రిక్కించాం. ఆయన హెడ్‌ఫోన్లు ఒకవైపు పక్కకి తోసుకున్నట్టున్నారు, చిన్న శబ్దం బయటికి వస్తోంది. సన్నగా, నీళ్ళలో దారప్పోగు ఊగినట్టు, ఒకసారి తేలుతూ ఒకసారి మునుగుతూ. మా తమ్ముడు చెప్పులు కింద పడేశాడు.

"అక్కా, నేను రేడియో ముట్టుకోలేదు. దేవుడి మీద ఒట్టు. అది... అది దీవే."

నేను గదిలోకి పరుగెత్తాను. "ఏమండీ! తమ్ముడు వంటింట్లో ఉన్నాడు!"

ఆయన వెనక్కి తిరగలేదు. మీట మీద చెయ్యి ఆడుతూనే ఉంది. "మంచిది. దీవిలోనూ ఉన్నాడు. అవతారాలెత్తడం మీ పుట్టింటివాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య."

"మీకు తెలుసా?"

"మొదటిరోజే తెలుసు. ఎండ వచ్చి వంటింటి గట్టెక్కినా మునగని దీవి ఎక్కడైనా ఉంటుందా? ఆలస్యంగా నిద్రలేచి దీవినని పలికాడు, మొద్దు! మీ ఇద్దరిలో ఎవరు ముందు కక్కుతారా అని చూస్తున్నా. తీగ దించేస్తానన్నది మీ చేత కక్కించడానికే. మంచం కింద నిచ్చెనకి రోజూ నా కాలు తగులుతూనే ఉంది." మళ్ళీ నవ్వారు. "ఇవాళ మాత్రం బాగా చేస్తున్నాడు. తెల్లవారేకొద్దీ మునగడం కూడా నేర్చుకున్నాడు. 'నిద్ర లేచావా, మొహం కడుక్కున్నావా, కాకులు కులాసానా, ఇట్లు నీ బావ' అని పంపాను. అర్థం కానట్టు ఊరికే ప్రశ్నార్థకం పంపుతున్నాడు. మహానటుడు!"

ఇక మాటలతో లాభం లేదు. నేనిప్పటికే ఆ ముఠాలో మనిషిని, నా మాట ఆయన ఎందుకు నమ్ముతారు? వంటింట్లోకి వెళ్ళి తమ్ముణ్ణి చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి ఆయన ఎదురుగా నిలబెట్టాను.

ఆయన వాడి ముఖం చూశారు. వాడి రెండు చేతులూ చూశారు. రేడియో చూశారు. రేడియోలోంచి మళ్ళీ ప్రశ్నార్థకం వచ్చింది, ఇంతకుముందు కంటే సన్నగా.

"ఒరేయ్," అన్నారు మెల్లగా, "నేను ఇంతసేపూ ఎవరిని మొహం కడుక్కున్నావా అని అడిగాను?"

"బావా, తర్వాత ఏడుద్దాం, ముందు పేరు పంపు!"

ఆయన తన సొంత పేరు తప్పు కొట్టారు. మళ్ళీ కొట్టారు. అటునుంచి సగం పేరే తిరిగి వచ్చింది, వెనక ప్రశ్నార్థకంతో. అప్పుడే పక్కింట్లో పెద్దమేడమ్ గారి నీళ్ళ మోటారు మొదలైంది, రేడియో నిండా తేనెటీగలు ముసిరాయి. తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. "అక్కా! మోటారు!"

నేను ప్రహరీ దగ్గరికి ఎలా చేరానో నాకే తెలియదు.

"మేడమ్! మోటారు ఆపండి!"

ఆవిడ మొక్కల మధ్యనుంచి తలెత్తారు. "ఎందుకమ్మా?"

"దీవి వచ్చిందండీ!"

"ఎక్కడికి?"

"మా ఇంటికి! తొందరగా, మునిగిపోతోంది!"

ఏ ప్రశ్నకి జవాబు పూర్తిగా వినాలో, ఏ పిల్ల ముఖం చూసి వదిలెయ్యాలో ముప్పై ఏళ్ళు బడి నడిపినావిడకి తెలుసు. మారు మాట్లాడకుండా స్విచ్ ఆపేశారు. వీధంతా ఒక్కసారి చెవులు మూసుకున్నట్టయింది. ప్రహరీ మీద గడ్డం ఆనించి మేమిద్దరం మా కిటికీకేసి చూస్తూ నిలబడ్డాం. ఎండ మొదటి గీత ట్యాంకు అంచుని తాకింది. స్వామీ, ఇన్నాళ్ళూ నీ దగ్గర నాకోసం చాలా అడిగాను, ఇది మాత్రం ఆ మనిషికోసం, కాస్త సూర్యుణ్ణి పట్టి ఉంచు అనుకున్నాను. సూర్యుడు ఆగలేదు. ఆగడని తెలుసు, అయినా అడిగాను.

లోపల్నుంచి మా తమ్ముడి కేక వినిపించింది. మాటలు లేవు, ఉత్త కేక.

పరుగెత్తుకెళ్ళి చూస్తే వాడు నేల మీద పడుకుని కాళ్ళు కొట్టుకుంటున్నాడు. మా ఆయన కుర్చీలో కదలకుండా కూర్చుని ఉన్నారు. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, ఎవరో అప్పగించి పోయినట్టు.

"దొరికిందా?" అన్నాను.

ఆయన తల ఊపారు. కాఫీ ఇస్తే పట్టుకుని, తాగడం మరిచిపోయి, చల్లారాక తిరిగి నాకే ఇచ్చారు.

తమ్ముడే చెప్పాడు. మోటారు ఆగగానే దీవి తేలిందట. బావ పేరు మొత్తం, ఒక్క అక్షరం పోకుండా, తిరిగి చెప్పి, అంకె ఇచ్చి, బావ అంకె తీసుకుని, చివర "థాంక్యూ బావ" అని కొట్టి మునిగిపోయాడట.

"బావ అన్నాడా?"

"బావ మొదట పంపినదాని చివర 'ఇట్లు నీ బావ' అని ఉంది కదక్కా. పేరేమో అనుకున్నాడు పాపం. ప్రపంచం అవతల నాకొక తమ్ముడు పుట్టాడు."

మా ఆయన అప్పుడు నవ్వారు, చాలా చిన్నగా.

మధ్యాహ్నం తీగ దించారు. ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఇంకో కొస తమ్ముడు. చుట్ట చుట్టడం ఇద్దరూ ఒకేలా చుట్టారు.

ఆదివారం క్లబ్బుకి నేనూ వెళ్ళాను. తమ్ముడు అందరిముందూ నిలబడి నిజం చెప్పాలని షరతు. వాడు ఏ పనీ సగం చెయ్యడు. నుదుటికి విభూతి కూడా పెట్టుకొచ్చాడు.

"సోమవారం నుంచి చేసిందంతా నా వెధవ పని. ఒప్పుకుంటున్నా. కానీ నిన్న పొద్దున వచ్చింది నిజం దీవి. బావకి దొరికింది. నా కళ్ళతో చూశా, నా చెవులతో విన్నా."

క్లబ్బు పెద్దాయన బల్ల మీద చరిచి నవ్వడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి అందరూ.

"భలేవాడివయ్యా! ఒక్క ఆట సరిపోలేదా, రెండోది మా మీదా?"

"నిజమండీ! అటునుంచి 'థాంక్యూ బావ' అని కూడా అన్నాడు!"

ఇంక నవ్వు ఆగలేదు. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ, "దీవిలో వాడు నీ బావని బావా అన్నాడా? వాడి చెల్లెలు ఎవరు మరి?" అన్నాడు. మా తమ్ముడు చెమటలు కక్కుతున్నాడు. జీవితంలో మొట్టమొదటిసారి వాడు నిలువెల్లా నిజం చెబుతుంటే ఒక్కరూ నమ్మడం లేదు. నిజానికి ఇంత బరువుంటుందని పాపం వాడికి ఎవరూ చెప్పలేదు.

వాడు చివరికి మా ఆయన వైపు తిరిగి చేతులు జోడించాడు. "బావా, నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతారు."

మా ఆయన కళ్ళజోడు తీశారు. కండువా అంచుతో అద్దాలు తుడిచారు, వెలుతురుకి పట్టి చూశారు, మళ్ళీ పెట్టుకున్నారు. అందరూ నవ్వు ఆపి ఎదురుచూస్తున్నారు.

"వాడి మాటలు పట్టించుకోకండి," అన్నారు తాపీగా. "చిన్నప్పటినుంచీ అంతే."

"బావా!"

హాలు మళ్ళీ ఘొల్లుమంది. నేను ఆయన మోచేతిని గిల్లాను. "ఏమిటండీ ఇది? మీకు దొరికిందని మీరే చెప్పరా?"

ఆయన నా చెవి దగ్గరికి వంగారు. "నాకు దొరికింది, నాకు తెలుసు. వాడికి కూడా తెలుసు. ఒక వారం వాడే తిరిగి తిరిగి అందరికీ చెప్పనీ."

అటు మా తమ్ముడు క్లబ్బు పెద్దాయన చొక్కా పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే బల్ల మీద వేలితో కొట్టి వినిపిస్తున్నాడు. ఈసారి కుడిచేత్తోనే.